ఈ ఏడాది మూత

మా మేనకోడలి లెక్కలో ఊరంతా వాళ్ళ నాన్నదే. వీధిలో నడుస్తూ నడుస్తూ టక్కున ఆగిపోతుంది. వంగి, డ్రైనేజీ మూత మీది దుమ్ము అరిచేత్తో తుడిచి, "ఇది మా నాన్న పోసిందే" అంటుంది. వెనక బళ్ళు హారన్లు కొడుతున్నా కదలదు. మూత మీద మేం పనిచేసే ఇనుప పోతల ఫౌండ్రీ గుర్తు మూడు చుక్కలు, వాటి కింద పోసిన సంవత్సరం ఉబ్బెత్తు అంకెల్లో ఉంటాయి. అంకెలు వచ్చిన దగ్గర్నుంచి ఆ పిల్ల సంవత్సరం కూడా చదవడం మొదలుపెట్టింది. ఇది నేను పుట్టకముందుది, ఇది నేను పుట్టిన ఏడాదిది అని ఊరిని వరస పెట్టి చెబుతుంది. అందుకే నేను దానికి ఇన్‌స్పెక్టరమ్మ అని పేరు పెట్టాను. ఆ పేరే ఖాయమైంది.

మా తమ్ముడు ఫర్నేసు మనిషి. ఇనుము కరిగించి, పైన తేలే చిట్టెం తీసి, సరిగ్గా కాగిందో లేదో రంగు చూసి చెప్పడం వాడి పని. నాది అదే ఫౌండ్రీలో కోరు గది. పంపు లోపల నీళ్ళు తిరిగే బోలు ఊరికే రాదు. ఇసుకలో జిగురు కలిపి ఆ బోలు ఆకారంలో ముద్ద చేసి అచ్చులో పెడితే, దాని చుట్టూ ఇనుము నిండుతుంది. తర్వాత ఇసుక రాల్చేస్తే బోలు మిగులుతుంది. ఆ ఇసుక ముద్దనే కోరు అంటారు. అంటే నేను ఇన్నేళ్ళూ చేసింది ఖాళీ జాగా. అది పైకి కనిపించదు కనక మా ఇన్‌స్పెక్టరమ్మ నా గురించి వీధిలో ఎప్పుడూ ఎవరికీ గొప్పలు చెప్పలేదు.

మా రెండిళ్ళకూ ఒకటే గోడ. మా ఆయన లారీ మీద వెళితే వారానికి గానీ మొహం చూపించడు. పిల్లలు లేరు. అందుకని సాయంత్రాలు నేను తమ్ముడి గుమ్మంలోనే ఉండేదాన్ని. వాడు స్నానం చేసి వచ్చి కూర్చోగానే కూతురు ఒకటే ప్రశ్న వేసేది.

"ఇవాళ ఏం పోశావు నాన్నా?"

"పంపు బాడీలు."

"అవి ఎక్కడ పెడతారు?"

"పొలాల్లో. నీళ్ళు తోడటానికి."

"ఎవరి పొలంలో?"

"అబ్బ, దాన్ని పోలీసుల్లో చేర్పించండి, అన్నం చల్లారిపోతోంది," అని మరదలు లోపల నుంచి కసిరేది. కానీ వాడు విసుక్కునేవాడు కాదు. తెలిసినంత చెప్పేవాడు, తెలియకపోతే తెలియదనేవాడు. పిల్లతో అబద్ధమాడటం వాడికి చేతకాదు. చేతకాదని నేను గట్టిగా నమ్మాను.

తర్వాత రోజులు మారాయి. సర్కారు ముందు గ్యాసు మీద రాయితీ తీసేసింది. ఆ తర్వాత కరెంటుకు వేళను బట్టి ధర పెట్టింది. ఆ తర్వాత బయటి దేశాల నుంచి ఓడల్లో వచ్చే పోత సరుకు మీద సుంకం తగ్గించింది. ప్రతిదానికీ ఒక మంచి కారణం చెప్పింది. ఆ కారణాలు పేపర్లో చదివితే మాకే అవుననిపించేది. అన్నీ కలిసి మా షెడ్డు మీద పడ్డప్పుడు మాత్రం కారణం చెప్పడానికి ఎవరూ రాలేదు. ఓనరు పెద్దాయన ఒకరోజు ఓడలో వచ్చిన పంపు బాడీ ఒకటి తెప్పించి ఒళ్ళో పెట్టుకుని యార్డులో కూర్చున్నాడు. పసిబిడ్డని చూసినట్టు తిప్పి తిప్పి చూశాడు.

"బాగానే ఉందిరా," అన్నాడు మా తమ్ముడితో. "దీన్ని కొని కరిగించుకున్నా మనకు బయట ఇనుము కంటే చవగ్గా పడేట్టుంది."

అప్పుడు వచ్చాడు అల్లుడుగారు. పెద్దాయన కూతురి మొగుడు. మార్కెట్ల చదువు చదువుకున్నాడు. ఊరక రారు మహానుభావులు అని మేము నవ్వుకున్నాం గానీ మనిషి చెడ్డవాడు కాదు. మమ్మల్నందరినీ యార్డులో కూర్చోబెట్టి, తను నిలబడి చెప్పాడు.

"కరెంటు ఒక్కటే కాదు, కరెంటు వాడకపోవడం కూడా సరుకే. ఎండాకాలం సాయంత్రాలు ఊరంతా ఏసీలు వేస్తారు. అప్పుడు కరెంటు చాలదు. ఆ రెండు మూడు గంటల కోసం కొత్త ప్లాంటు కట్టే బదులు, మనలాంటి వాళ్ళకు డబ్బిచ్చి ఆపించడం కరెంటు కంపెనీకి చవక. వాళ్ళు ఆపమన్న రోజు మనం ఆపితే చాలు. పోత పోసి అమ్మినట్టే."

అచ్చులు పగలగొట్టే అతను చెయ్యెత్తాడు. "సార్, మా ఇంటికి కరెంటు కట్ చేసి చాలా రోజులైంది. నాకెంతొస్తుంది?"

అందరం పగలబడి నవ్వాం. అల్లుడుగారు కూడా నవ్వాడు. "నీకు మొదట్నుంచీ లేదుగా. ఉన్నవాడు ఆపితేనే లెక్క," అన్నాడు.

యార్డు మధ్య స్తంభానికి కరెంటు కంపెనీవాళ్ళు ఒక దీపం బిగించారు. ఆపమన్న రోజు సాయంత్రం మా వాడకం పడిపోగానే అది ఆకుపచ్చగా వెలిగేది. వెలిగిందంటే డబ్బు వస్తున్నట్టు, మేం ఇళ్ళకు పోవచ్చన్నట్టు. మొదటిసారి వెలిగినప్పుడు కోరు గదిలో ఆడవాళ్ళమంతా చప్పట్లు కొట్టాం. పని చేయకుండా జీతం అంటే ఎవరికి చేదు? ఆ నెల జీతం ఒకటో తారీఖునే వచ్చింది. అంతకు ముందు ఎప్పుడొచ్చేదో అడక్కండి.

ఆ ముచ్చట కొన్నాళ్ళే సాగింది. ఆర్డర్లు తగ్గేకొద్దీ మా వాడకమూ తగ్గింది. వాడకం తగ్గేకొద్దీ మేం ఆపేదీ తగ్గింది. రోజూ తినేవాడు ఒక పూట మానేస్తే దాన్ని ఉపవాసం అంటారు. తిండే లేనివాడు మానేస్తే దానికి పేరు లేదు. ఆపమన్న గంటకు ముందు, ఆ పగలూ అంతకు ముందు రోజులూ ఎంత వాడామో చూసి, దాంట్లోంచి ఆ సాయంత్రం వాడింది తీసేసి, మిగిలినదానికే కంపెనీ డబ్బు ఇస్తుంది. కాబట్టి డబ్బు రావాలంటే ముందు బాగా వాడాలి. అల్లుడుగారు ఫర్నేసు రోజూ నడపమన్నాడు.

"ఏం కరిగించాలి సార్?" అన్నాడు తమ్ముడు.

"యార్డులో ఉన్నదే."

"కరిగించి?"

"దిమ్మలు పొయ్యండి. చల్లారాక మళ్ళీ అవే కరిగించండి."

తమ్ముడు తల గోక్కున్నాడు. "కరిగించేదేదో మూతలు పోద్దాం కదా సార్. పోసి పెట్టుకుంటే ఎప్పుడో ఒకప్పుడు పోతాయి."

"మూతంటే అచ్చు కావాలి, ఇసుక కావాలి, గ్రైండింగు కావాలి. అన్నీ ఖర్చే. అమ్మితే నష్టం, ఉంచితే తుప్పు. దిమ్మయితే మళ్ళీ కరుగుతుంది," అన్నాడు అల్లుడుగారు, ఓపిగ్గానే.

ఆ లెక్కలో తప్పు పట్టుకోవడం మాకెవరికీ చేతకాలేదు. ఇప్పటికీ నాకు చేతకాదు. లెక్క సరిగ్గానే ఉంది. అదే నా ఒళ్ళు మండిస్తుంది.

అలా మొదలైంది ఆ వింత కొలువు. ఫర్నేసులో నిన్నటి దిమ్మలు కరిగేవి, ఇవాళ్టి దిమ్మలయ్యేవి. అవే అచ్చులు కనక అదే ఆకారం. "పాత చుట్టాలు మళ్ళీ వచ్చారు," అనేవాళ్ళు ట్రాలీ తోసేవాళ్ళు. కరెంటు కంపెనీ తనిఖీకి వస్తే షెడ్డు నడుస్తున్నట్టు కనబడాలని మమ్మల్నీ మానిపించలేదు. భోజనాలదాకా కోరులు చేసేవాళ్ళం, భోజనాలయ్యాక వాటినే పగలగొట్టి ఇసుక జల్లించేవాళ్ళం. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. అడుసు తొక్కడమే ఉద్యోగమైతే కాలు కడుక్కున్నందుకు కూడా జీతమిస్తారని నాకప్పుడే తెలిసింది.

జీతమిస్తున్నారు కదా, ఇంకేం అంటే నేను చెప్పలేను. నా చేత్తో చేసిన కోరును నేనే సుత్తితో కొట్టే వేళకు నాకు ఏడుపొచ్చేది. మొదట్లో. తర్వాత ఏదీ వచ్చేది కాదు. అది ఇంకా చెడ్డది.

మా ఫౌండ్రీలో ఒక పద్ధతి ఉండేది. బయటి నుంచి పాత ఇనుము లారీల్లో వచ్చే రోజుల్లో, ఫర్నేసులోకి వెళ్ళే ప్రతి ముక్కనూ ఒక ముసలాయన చిన్న సుత్తితో కొట్టి వినేవాడు. ఖంగుమంటే లోపలికి, మొద్దుగా పలికితే పక్కకి. మూసుకుపోయిన గొట్టంలోనో, పగుల్లోనో కాస్త చెమ్మ ఉన్నా, కరిగిన ఇనుములో మునగగానే అది ఆవిరై బాంబులా పేలుతుంది. అనుమానమున్న ముక్కల్ని గ్యాసు మంట మీద పెట్టి ఆరబెట్టేవాళ్ళు. ఆ ముసలాయనను అందరూ సుత్తి మామ అనేవాళ్ళు. చేతిలో సుత్తి, నోట్లోనూ సుత్తే. మొదలుపెడితే ఆపడు. పేరు రెండు విధాలా అతికింది.

దిమ్మల కొలువు మొదలయ్యాక ఆ పద్ధతి పోయింది. ఎవరూ పొమ్మని చెప్పలేదు. మామ ఒకటి రెండు వారాలు దిమ్మల్ని కూడా కొట్టి చూశాడు. ఫర్నేసు దగ్గర అందరూ నవ్వారు. మనమే కరిగించాం, మనమే పోశాం, ఇందులో దొంగ ముక్క ఎక్కడ నుంచి వస్తుంది?

"ఇంట్లోవాళ్ళ జేబులు వెతుకుతామా మామా?" అన్నాడు మా తమ్ముడే.

మామ కూడా నవ్వాడు. తర్వాత అతన్ని గేటు దగ్గర కూర్చోబెట్టారు. గ్యాసు మంట కూడా ఆర్పేశారు. గ్యాసు ఖర్చే గానీ కరెంటు లెక్కలోకి రాదు కదా.

ఇక ఇంట్లో సంగతి. దిమ్మలు మొదలైన రోజు సాయంత్రం ఇన్‌స్పెక్టరమ్మ మామూలుగానే అడిగింది.

"ఇవాళ ఏం పోశావు నాన్నా?"

"దిమ్మలు."

"దిమ్మలు ఎక్కడ పెడతారు?"

"యార్డులో."

"యార్డులో పెట్టి?"

వాడు నా వంక చూశాడు. నేను మరదలి వంక చూశాను. మర్నాడు కూడా దిమ్మలే. ఆ మర్నాడు కూడా. నాలుగో రోజో అయిదో రోజో ఆ పిల్ల "మళ్ళీ దిమ్మలేనా!" అని మూతి ముడిచింది. ఆ ముడిచిన మూతి చూసి మావాడు, "కాదు, మూతలు పోశాం," అనేశాడు.

పిల్ల మొహం వెలిగిపోయింది. "ఈ ఏడాదివా? ఎక్కడేశారు?"

"అటు... స్టేషను అవతల. కొత్త వీధుల్లో."

"ఆదివారం తీసుకెళ్ళు."

"చూద్దాంలే."

ఒక అబద్ధానికి కాపలా కాయడానికి ఇంకో పది కావాలి. ఆదివారం వస్తే వాడికి తలనొప్పి. ఇంకో ఆదివారం వీధి తవ్వేశారు. ఇంకో ఆదివారం వాన. ఫర్నేసు ముందు నిలబడి చెమట కక్కినప్పుడు కూడా వాడు అంత అలిసిపోయి ఉండగా నేను చూడలేదు. ఒకరోజు పని నుంచి నడిచి వస్తుంటే అన్నాడు.

"అక్కా, ఆ ఇనుము కూడా పాడైపోయింది. బూడిద రంగులో ఉండాల్సింది తెల్లబడిపోయింది. మళ్ళీ మళ్ళీ కరిగిస్తే సారం పోతుంది. చల్లారేటప్పుడు దిమ్మ నెత్తిన పలచటి పెంకు కట్టి, దాని కింద ఇంత లోతు గుంట పడుతోంది."

"పడనీరా. నీ బాబు సొమ్మా?"

"అది కాదక్కా. నేను రోజంతా అక్కడ నిలబడి ఏం చేస్తున్నానో నాకే తెలియడం లేదు. ఎండలో నిలబడి నీడని ఊడ్చినట్టుంది. పిల్లకి ఒక్క మూత చూపించాలి అక్కా. ఈ ఏడాదిది. ఒక్కటి. ఆ తర్వాత ఇంక ఏమడిగినా ఏదో ఒకటి చెప్పుకుంటాను."

వాడు ముందే అల్లుడుగారిని అడిగాడట. ఒకటి పోస్తే అందరూ ఒక్కోటి అడుగుతారు, ఈ సీజను పోనీ చూద్దాం అన్నాడట. వాడి మొహం చూశాను. చిన్నప్పుడు వీధిలో దెబ్బ తిని వచ్చి, ఇంట్లో చెప్పొద్దక్కా అన్న మొహమది.

"నువ్వు ఇనుము తెచ్చే సంగతి చూడు. అచ్చు నేను చేస్తాను," అన్నాను.

గోదాములో పాత చెక్క నమూనాలు దుమ్ము పట్టి ఉన్నాయి. నీళ్ళ వాల్వు మీద వేసే చిన్న మూతది ఒకటి తీసుకున్నాను. పెద్దదయితే ఒక్క మనిషి మోసుకొచ్చే ఇనుము చాలదు. మూడు చుక్కలూ అలాగే ఉన్నాయి. సంవత్సరంలో చివరి అంకె పీకేసి, మా ఆయన లారీ దిగిన రోజు చెక్కి ఇచ్చిన కొత్త అంకె అతికించాను. కోరు గదిలో మూలన, అందరూ కోరులు పగలగొట్టే వేళ, నేను ఇసుక కూరి అచ్చు కట్టాను. నాతో పనిచేసే ఆడవాళ్ళు చూసీ చూడనట్టు ఊరుకున్నారు. ఒకామె తన వాటా మంచి ఇసుక కూడా తెచ్చి నా పక్కన పెట్టి వెళ్ళింది. అన్నాళ్ళ తర్వాత పగలగొట్టని పని ఒకటి చేస్తుంటే నా చేతులకు ప్రాణం లేచొచ్చింది.

అనుకున్నది ఇది. ఆపమని కబురొచ్చిన రోజు, ఆపాల్సిన గంట వచ్చేవరకూ ఫర్నేసు గట్టిగా నడుస్తుంది. ఆ రోజు ఎంత గట్టిగా నడిపితే అంత లాభం. చివర్లో దిమ్మలు పోసేటప్పుడు తమ్ముడు ఒక చేతి గరిటెడు ఇనుము పట్టుకుని యార్డు దాటి వస్తాడు. దీపం వెలిగాక అందరూ ఇళ్ళకు వెళ్ళే హడావుడిలో ఎవరు చూస్తారు?

"అదే ఇనుముతోనా? తెల్లబడిందన్నావుగా," అన్నాను.

"తొక్కితే పగులుతుందేమో గానీ చూడటానికి బాగానే ఉంటుంది. దాన్ని మన సందు చివర వేద్దాం, బళ్ళు రావు," అని నవ్వాడు. ఎన్నాళ్ళకు నవ్వాడో.

ఆ కబురు వచ్చింది. ముందు రోజు ఎండాకాలపు గాలివాన ఒకటి కొట్టి పోయింది. అది పోయాక ఉక్క మరింత పెరిగింది. ఊరంతా ఏసీలు వేసుకుంటారు కనక సాయంత్రం ఆపమని మధ్యాహ్నమే చెప్పారు. అల్లుడుగారు ఫర్నేసు దగ్గరకే వచ్చి, ఆఖరి నిమిషందాకా తగ్గించొద్దన్నాడు. యార్డులో ఆరుబయట పేర్చిన దిమ్మలు ట్రాలీల మీద లోపలికి వెళ్తుంటే నేను కిటికీలోంచి చూశాను. పైకి పొడిగా ఉన్నాయి. ఎండకు మెరుస్తున్నాయి కూడా.

మా గదిలో ఇసుక కలిపే మిషను నడుస్తోంది. అది నడుస్తుంటే పక్క మనిషి మాట వినపడదు. ఎక్కడో ధన్‌మని ఒక మోత వినిపించింది. ట్రాలీ బోర్లా పడ్డా, దిమ్మల గుట్ట కూలినా అలాంటి మోతే వస్తుంది. ఎవరూ తల తిప్పలేదు. ఆ వెంటనే స్తంభం మీద దీపం వెలిగింది. ఆకుపచ్చగా.

"ఇవాళ ముందే!" అని అరిచింది ఒకామె. అందరం చప్పట్లు కొట్టాం. నేనూ కొట్టాను. కొట్టి, గబగబా మూలకు వెళ్ళి అచ్చు మీది గోనెపట్టా తీసి, ఇనుము పోసే చిల్లు చుట్టూ రాలిన ఇసుక ఊదేశాను. గరిట బరువు మీద వచ్చేవాడికి దారి ఖాళీగా ఉండాలని బల్ల పక్కకు జరిపాను. గుమ్మం వైపు చూస్తూ నిలబడ్డాను. పక్కవాళ్ళు ఆప్రాన్లు విప్పుతున్నారు, చేతులు కడుక్కుంటున్నారు. కరిగిన ఇనుము గరిటలో ఆగదు, గడ్డకడుతుంది, ఇంతసేపు చేస్తాడేమిటి అని మనసులో తిట్టుకున్నాను కూడా.

ఎవరో వెళ్తూ వెళ్తూ మిషను ఆపారు. అప్పుడు వినిపించాయి అరుపులు.

నేను చూసింది చెప్పను. అది నాతోనే ఉంటుంది. ఆస్పత్రి బండి గేటు దాటేలోపే వాడు అయిపోయాడని మాత్రం చెబుతాను. పక్కనున్న ఇద్దరికి ఒళ్ళు కాలింది, బతికారు. ఫర్నేసు పేలగానే కరెంటు దానంతటదే పడిపోయిందట. అందుకే దీపం ముందే వెలిగింది.

విచారణకు ఒక ఆఫీసరు వచ్చాడు. నెమ్మదైన మనిషి. మా అందరి ముందే అల్లుడుగారిని అడిగాడు.

"ఆ టైములో ఏం తయారవుతోంది?"

"దిమ్మలు."

"వాటితో ఏం తయారు చేస్తారు?"

"కరిగిస్తాం."

"కరిగించి?"

ఆఫీసరు తలెత్తి చూశాడు. మళ్ళీ అదే అడిగాడు. ఇదే ప్రశ్న మా ఇంట్లో ఇంత పిల్ల ఎప్పుడో అడిగిందని నాకు గుర్తొచ్చింది. అల్లుడుగారు రెండు చేతుల్లో మొహం పెట్టుకుని ఏడ్చాడు. నిజంగానే ఏడ్చాడు. అతన్ని చూస్తే జాలేసింది, ఆ జాలికి నా మీద నాకే అసహ్యం వేసింది. ఆ సాయంత్రం మా షెడ్డు మిగిల్చినంత కరెంటు చుట్టుపక్కల ఏ షెడ్డూ మిగల్చలేదట. కంపెనీ నుంచి ధన్యవాదాలు వచ్చాయని తర్వాత ఆఫీసులో ఎవరో చెప్పారు. అక్కడ కూర్చున్నవాళ్ళకు ఏం తెలుసు పాపం, వాళ్ళకు కనబడేది వాడకం ఒక్కటే.

విచారణ అయిపోయి అందరూ వెళ్ళాక సుత్తి మామ గేటు వదిలి యార్డులోకి వచ్చాడు. చేతిలో పాత సుత్తి ఉంది. మిగిలిన దిమ్మల్ని ఒక్కొక్కటే కొట్టుకుంటూ పోయాడు. ఒక్కటీ ఖంగుమనలేదు. ఒకదాన్ని పక్కకు దొర్లించి, నెత్తిన పెంకు బీట వారిన చోట గట్టిగా కొట్టాడు. పెంకు పగిలి, లోపలి గుంటలోంచి నీళ్ళు జారి నేల మీద మడుగు కట్టాయి. ఆ గాలివాన నీళ్ళు. కాసేపటికి సుత్తి అక్కడే వదిలేసి గేటు దగ్గరకు పోయి కూర్చున్నాడు.

మరదలు గోడకు చేరగిలబడి ఉండిపోయింది. పిల్లకు అన్నం నేనే పెట్టేదాన్ని. కొన్నాళ్ళు అది ఏమీ అడగలేదు. తర్వాత ఒకరోజు ముద్ద నోట్లో పెట్టబోతుంటే చెయ్యి పట్టుకుంది.

"అత్తా, ఆ రోజు నాన్న ఏం పోస్తున్నాడు?"

నా దగ్గర అబద్ధాలకు కరువు లేదు. పంపు అనొచ్చు, మూత అనొచ్చు. దాని తండ్రి ఎన్ని ఆదివారాలు అబద్ధం మోశాడో చూశాను కనక నాకు నోరు రాలేదు.

"రేపు చూపిస్తాను," అన్నాను.

మర్నాడు దాన్ని ఫౌండ్రీకి తీసుకెళ్ళాను. ఫర్నేసు షెడ్డుకు సీలు వేశారు. కోరు గది తాళం నా దగ్గరే ఉంది. మూలన అచ్చు అలాగే ఉంది, దాన్నెవరూ కదపలేదు. పై పెట్టె ఎత్తి పక్కన పెట్టాను. కింద ఇసుకలో గుండ్రంగా పల్లం, దాంట్లో మూడు చిన్న గుంటలు, వాటి కింద తిరగేసిన అంకెలు.

పిల్ల ముందుకు వంగింది. వేలితో తాకకుండా, పైపైనే గాల్లో అంకెలు దిద్దింది. ఎంతైనా ఇన్‌స్పెక్టరు కదా.

"ఈ ఏడాదిది!" అంది. తర్వాత నా వంక చూసింది. "ఇందులో ఏం లేదు కదా అత్తా."

"లేదమ్మా."

"నాన్న పొయ్యలేదా?"

"పొయ్యాలనుకున్నాడు. నీకోసమే. ఇంక దీనికి ఇనుము తేవడమే మిగిలింది."

"మరి స్టేషను అవతల వేసినవి?"

నేను పై పెట్టె తీసి మళ్ళీ అచ్చు మీద మూశాను. దానికి అర్థమైంది. ఏడవలేదు. కిటికీ దగ్గరకు వెళ్ళి నిలబడింది. అప్పుడే సాయంత్రమవుతోంది. ఎండ ఇంకా తగ్గలేదు, ఊరంతా ఏసీలు వేసుకునే వేళ. యార్డులో స్తంభం మీద ఆకుపచ్చ దీపం వెలిగింది. ఫర్నేసు చచ్చిపోయినా వెలుగుతూనే ఉంది. మా తమ్ముడు చివరి రోజుల్లో మండించిన కరెంటు కంపెనీ లెక్కలో ఇంకా ఉందట. అది కరిగిపోయేదాకా, ఆపమన్న ప్రతి సాయంత్రం మేం ఆపినట్టే, మాకు డబ్బు వచ్చినట్టే.

"ఆ లైటు ఎందుకు వెలుగుతోంది?"

"పని జరగనందుకమ్మా."

అది ఆ దీపాన్నే చూస్తూ మెల్లగా అడిగింది.

"అయితే ఈ ఏడాది మూత ఊళ్ళో ఎక్కడా లేదా?"

"లేదు తల్లీ."

"మరి నేను బళ్ళో అందరికీ చెప్పేశానే, అత్తా."